వయస్సు చూచి మనిషిని తూచరాదు



ఉద్యోగశాలలలో నేడు రెండు మాటలు తరచుగా వినుచున్నాము. “ఈకాలపు కుర్రవారికి ఓర్పు లేదు” అని పెద్దలు, “ఈ పెద్దవారికి క్రొత్తపని పట్టుబడదు” అని పిన్నలు అనుచున్నారు. ఎదుటివాని పనిని చూడకమునుపే, పుట్టిన సంవత్సరమును చూచి తీర్పు చెప్పుట ధర్మమా?

మహాభారతమున అరణ్యపర్వమునందు అష్టావక్రుని కథ కలదు. జనకమహారాజు యజ్ఞశాలకు వాదమునకై వచ్చిన ఆ మునికుమారుని, బాలుడవని ద్వారపాలకుడు అడ్డగించెను. తల నెరసినంతమాత్రమున ఎవడును పెద్ద కాజాలడని అతడు బదులు పలికి, లోనికేగి, వందిని గెలిచెను. అతనిని ద్వారముకడనే త్రిప్పి పంపియుండినచో, వందిచే ఓడి నీట మునిగిన తండ్రి కహోడుడు మరల వెలుగు చూచియుండెడివాడు కాడు.

ఇది పురాణకాలపు మాట మాత్రమే కాదు. మన విజయనగరమున 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. 26వ యేట ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచట విద్యార్థిగా చేరవచ్చిరి. వారి వయొలిన్ వాదనము ఆలకించి, దాసుగారు ఆయనను శిష్యులలో గాక అధ్యాపకులలో కూర్చుండబెట్టిరి. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

పెద్దలకు క్రొత్తపని పట్టుబడదనువారును ఆ దాసుగారినే చూడవలెను. పారశీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునకు, అచ్చతెనుగునకు తెచ్చి వారు గ్రంథముగా ప్రకటించినది 1932లో. అప్పటికి వారికి వయస్సు అరువది దాటి చాలకాలమైనది.

వయోభేదమే లేదని మేము చెప్పుటలేదు. అనుభవము నిజము, ఉత్సాహమును నిజమే. అవి ఎవరియందు ఎంత కలవో పనిలో చూచి తెలియవలెనే గాని ఊహింపరాదు. పదవీవిరమణకు చేరువైన గుమాస్తా పాత దస్త్రముల గుట్టు ఎరుగవచ్చును. క్రొత్తగా చేరిన యువకుడు కంప్యూటరు ఎరుగవచ్చును. ఇరువురును ఒకరినొకరు చులకన చేసి మాట మానినచో, పింఛనుకై కిటికీముందు నిలిచిన వితంతువు పదిసార్లు తిరుగవలసివచ్చును. వారి అహంకారమునకు మూల్యము చెల్లించునది ఆమె.

అరసవల్లిలో మార్చి నెలలోను, అక్టోబరు నెలలోను సూర్యకిరణములు స్వామి పాదములను తాకుట మీరెరిగినదే. ఒకటి ఉత్తరాయణపు వెలుగు, మరొకటి దక్షిణాయనపు వెలుగు. చేరు పాదములు మాత్రము అవియే. ఉద్యోగధర్మమును అట్టిదే.

కావున రేపు పనికి వెళ్లినపుడు, మీకంటె పెద్దవారినో పిన్నవారినో ఒకరిని సమీపించి, “ఇది నాకు నేర్పుడు” అని అడుగుడు. అట్లడిగిన నోటికి పరనింద అలవాటు తప్పును. శ్రీ సూర్యనారాయణస్వామి మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.