పాత కారులో జామ్ అయిన ఆక్సిజన్ సెన్సర్: విరగ్గొట్టకుండా విప్పడం ఎలా?

పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కారు మీ ఇంట్లో ఉందా? చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోందా, మైలేజ్ పడిపోయిందా, స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వస్తోందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే.

కోడ్ కనిపించగానే సెన్సర్ కొనేయకండి. ఉదాహరణకి పీ0135 అంటే సెన్సర్ లోపలి హీటర్ సర్క్యూట్‌లో తేడా. ఫ్యూజ్ పోయినా అది వస్తుంది, సైలెన్సర్ వేడికి వైరు కాలినా వస్తుంది. ముందు ఆ రెండూ చూడండి.

అవి బాగున్నాయి, సెన్సరే పోయింది అనుకుందాం. వాయిదా వేయొద్దు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని ఈ సెన్సర్ చూసి చెప్తేనే ఈసీఎం పెట్రోల్ పాళ్లు సరిచేస్తుంది. పెట్రోల్ అదే పనిగా ఎక్కువ పోతుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. అప్పుడు సెన్సర్ ఖర్చు చిల్లర అనిపిస్తుంది.

ఇక విప్పడం. ఏళ్ల తరబడి కాలి, చల్లారి, తుప్పుపట్టి మరలు బిగుసుకుపోయి ఉంటాయి. నేను చేసే పద్ధతి ఇది. ముందురోజు రాత్రి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సెన్సర్ మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొడతాను. వేడి సైలెన్సర్ మీద మాత్రం కొట్టొద్దు, మంట అంటుకోవచ్చు. పొద్దున రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేస్తాను. గోరువెచ్చగా ఉంటే మరలు తేలిగ్గా వదులుతాయి. చేతికి గ్లౌజులు తప్పనిసరి.

సైజు సాధారణంగా 22 ఎంఎం. ఓపెన్ పానా పెడితే మూలలు అరిగిపోతాయి. వైరు కోసం పక్కన గాడి ఉన్న సెన్సర్ సాకెట్ వాడండి. అది దొరక్కపోతే, కొత్త సెన్సర్ చేతికొచ్చి, కనెక్టర్ సరిపోయిందని చూసుకున్నాకే పాత వైర్లు కత్తిరించి రింగ్ పానా ఎక్కించండి.

కొంచెం కదిలిందా? ఒకేసారి తిప్పేయకండి. పావు చుట్టు వదులు చేసి, మళ్లీ కాస్త బిగించి, స్ప్రే కొట్టి, మళ్లీ వదులు చేయండి. అస్సలు కదలకపోతే ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. గ్యాస్ టార్చ్ పని ఇంట్లో వద్దు, పక్కనే పెట్రోల్ పైపు ఉంటుంది. బలవంతం చేసి మరలు పోగొడితే లేత్ షాపులో ట్యాప్ కొట్టించాల్సి వస్తుంది.

కొత్తది చేత్తోనే మొదలుపెట్టండి. మరలకి యాంటీ సీజ్ కొద్దిగా చాలు, సెన్సర్ మొనకి అంటకూడదు. చాలావాటికి కంపెనీయే పూసి ఇస్తుంది. సిలికాన్ సీలెంట్ జోలికి పోవద్దు, అది సెన్సర్‌ని చంపేస్తుంది. మాన్యువల్‌లో ఉన్నంతే బిగించి, వైరు సైలెన్సర్‌కి తగలకుండా క్లిప్పులో పెట్టండి.

చివరగా కోడ్ చెరిపేసి, రెండు మూడు రోజులు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. లైట్ రాలేదంటే, పొల్యూషన్ టెస్ట్‌కి ధైర్యంగా వెళ్లండి. ఉంటాను ఫ్రెండ్స్.