కత్తిరించిన పతకం



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవారు. అందుకే సైన్యం సంగతే ఎంచుకున్నాను. ఊరి పేరులోనే సైన్యం ఉన్న మిలిటరీ మాధవరం గురించి ఈ గోదావరి జిల్లాల వారికి నేను కొత్తగా చెప్పేదేముంది? పటాలానికి బిడ్డల్ని పంపడం మనకు తరాల అలవాటు. అలా వెళ్లిన వేలమందిలో గే అయినవాళ్లూ ఉన్నారు, ఇకముందూ ఉంటారు. వాళ్లు ఆ సంగతి దాచుకోకుండా కొలువు చేయవచ్చా? చేయనివ్వాలన్నది నా మాట. ఎందుకో చెబుతాను.

జో ఊసలిస్ బ్రిటిష్ నౌకాదళంలో రేడియో ఆపరేటర్. దాదాపు 18 ఏళ్ల సర్వీసు. ఫాక్‌లండ్స్ యుద్ధంలో ఉన్నాడు, కల్లోల కాలంలో ఉత్తర ఐర్లండ్‌లోనూ పనిచేశాడు. స్త్రీపురుషులిద్దరి మీదా ఇష్టం కలిగే మనిషి. ఆ కారణంగానే 1993లో ఆయన్ని కోర్టు మార్షల్ చేసి కొలువు నుంచి పంపేశారు. తీర్పయ్యాక ఒకతను కత్తెరతో వచ్చి తన కోటు మీది పతకాన్ని కత్తిరించుకుపోయాడని ఆయనే తర్వాత చెప్పాడు. దీర్ఘకాలం సత్ప్రవర్తనతో పనిచేసినందుకు ఇచ్చిన పతకం అది.  కోర్టులో పోరాడాక 2020 జనవరిలో ఆ పతకాన్ని తిరిగి ఇచ్చారు.

ఆ రోజుల్లో బ్రిటన్ సైన్యంలో గేలపై నిషేధం ఉండేది. మిలిటరీ పోలీసులు అనుమానం వస్తే చాలు, గదులు సోదా చేసేవారు, ఉత్తరాలు విప్పి చదివేవారు, పక్కవాళ్ల పేర్లు చెప్పమని నిలదీసేవారు. శత్రువు కోసం ఉండాల్సిన నిఘా సొంత సిపాయి పెట్టె మీద పెట్టారు. చివరికి 1999 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ నిషేధం తప్పని తేల్చింది. 2000 జనవరి 12న దాన్ని ఎత్తేశారు. సైనికులు మూకుమ్మడిగా రాజీనామాలు చేస్తారని భయపెట్టినవాళ్లున్నారు. అలాంటిదేమీ జరగలేదు. 2023 జులైలో అప్పటి ప్రధాని రిషి సునాక్ ఆ నిషేధానికి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

అమెరికా 1993లో మధ్యేమార్గం అనుకుని ఒక చట్టం చేసింది: గే అవునో కాదో మేం అడగం, మీరు చెప్పొద్దు. అది అమల్లో ఉన్నన్నాళ్లలో 13 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2001 దాడుల తర్వాత అరబిక్ తెలిసినవాళ్ల కోసం సైన్యం వెతుక్కుంటున్న రోజుల్లో కూడా, ఆ భాషలో తర్ఫీదు పొందినవాళ్లను ఇంటికి పంపింది. దేశభద్రత పేరుతో చేసిన పని దేశభద్రతకే చేటయింది. 2010లో పెంటగాన్ సైనికులనే అడిగి చూస్తే, నిషేధం తీసేస్తే మేలే జరుగుతుందనో, మంచీచెడూ రెండూ ఉంటాయనో, ఏ తేడా ఉండదనో చెప్పినవాళ్లు 70 శాతం. గే సహచరుడితో కలిసి పనిచేశామన్నవాళ్లలో, తమ దళం పనితీరు బాగుందనో మామూలుగానే ఉందనో చెప్పినవాళ్లు 92 శాతం. భయమంతా పక్కన ఉండి చూడనివాళ్లదే ఎక్కువ. 2011 సెప్టెంబరు 20తో ఆ చట్టం కథ ముగిసింది.

ఇక మన దగ్గర. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్, ఇష్టపడి కలిసిన పెద్దల విషయంలో చెల్లదంది. నాలుగు నెలలకే, 2019 జనవరిలో, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ సైన్యంలో స్వలింగ సంబంధాలను అనుమతించబోమని, సైన్యం సంప్రదాయాన్ని పాటించేదని విలేఖరులతో అన్నారు. ఆయనకు దన్ను 1950 నాటి సైనిక చట్టం. అందులో 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన, అసహజమైన ప్రవర్తనకు ఏడేళ్ల దాకా జైలు పెడుతుంది. క్రూరత్వాన్ని శిక్షించాల్సిందే. కానీ ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టాన్ని దానితో ఒకే గాటన కట్టడం ఏం న్యాయం? బలగాల్లో హక్కులకు హద్దులు పెట్టే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన మాట నిజమే. పెట్టే అధికారం ఉన్నవాళ్లకు తీసే అధికారమూ ఉంది.

బ్యారక్‌లో మంచాలు ఆనుకుని ఉంటాయి, స్నానాలు అందరూ కలిసే చేస్తారు, పల్లె నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇబ్బంది పడతారు అని మాజీ సైనికులు నాతో అన్నారు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోను. ఒకడి ఒంటి మీద ఇంకొకడు ఇష్టం లేకుండా చెయ్యి వేస్తే, ఆడా మగా తేడా లేకుండా, హోదా చూడకుండా కఠినంగా శిక్షించాలి. పైఅధికారి కింది జవానును లొంగదీసుకుంటే మరీ కఠినంగా. కానీ గే జవాను ఇవాళ కూడా ఆ పక్క మంచం మీదే పడుకుంటున్నాడు. నిషేధం అతన్ని అక్కడి నుంచి కదిలించలేదు, నోరు మాత్రం నొక్కింది. సెలవు నుంచి వచ్చినవాళ్లంతా ఇంటి కబుర్లు చెప్పుకుంటుంటే అతను లేని పెళ్లిసంబంధం ఒకటి కల్పించి చెబుతాడు. గుట్టు తెలిసినవాడెవడైనా బెదిరిస్తే ఫిర్యాదు చేయడానికి అతనికి దారి లేదు. చేస్తే ముందు పోయేది అతని ఉద్యోగమే. సైనికుణ్ణి లొంగదీయడానికి శత్రువుకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ బలహీనత అతనితో పుట్టింది కాదు, మన చట్టం తెచ్చిపెట్టింది.

చట్టం మారినంత మాత్రాన పని పూర్తికాదు. అమెరికాలో 2011 తర్వాత కూడా సైనికుడి స్వలింగ జీవితభాగస్వామికి అందాల్సిన సదుపాయాలు 2013లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా పూర్తిగా అందలేదు. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో స్వలింగ పెళ్లిళ్లను గుర్తించలేమని చెప్పింది. సరిహద్దులో ఒక జవాను చనిపోతే కబురు ఎవరికి వెళ్లాలి, ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి దక్కాలి, పదేళ్లు అతనితో కాపురం చేసిన మనిషిని అంత్యక్రియల్లో ఎక్కడ నిలబెట్టాలి? సైనిక చట్టాన్ని సవరించడానికి పార్లమెంటు కూర్చున్న రోజున 46వ సెక్షన్‌తో పాటు ఈ ప్రశ్నలన్నీ ఆ బల్ల మీదకు రావాలి. అవి రావాలని మన ఎంపీలకు ఉత్తరాలు రాయండి.