నాంపల్లిల కార్లకు 10 అంతస్తులు, మనుషులకు?

నాంపల్లిల మెట్రో జాగల లేచిన టవర్ మనం రోజూ చూస్తున్నదే. అరెకరం లోపు జాగ, 15 అంతస్తులు. అందుల 10 కార్లకే. కార్లను పైకెక్కించ యంత్రాలు. మిగిలింది యాపారానికి. మనిషి నడుం వాల్చే గది ఒక్కటి లేదు.

అబిడ్స్‌ల పొద్దంత నిలబడి బట్టలు చూపెట్టే పిల్లలు, దఫ్తర్లల గుమాస్తాలు ఎక్కడెక్కడి నుంచో ఉరికొస్తున్నరు. 2018 నుంచి నాంపల్లికి మెట్రో ఉన్నది. రైలుంది, బస్సుంది, బడి ఉంది, దవాఖాన ఉంది. అందే ధరకు ఇల్లే లేదు.

ఎత్తుగ కట్టుడు తప్పని మేం అనం. 2006ల 86 నంబరు జీవోతోటి అంతస్తులకు తలుపులు బార్లా తెరిచిండ్రు. లాభం ఎవరికో పడమటి దిక్కు చూస్తే ఎరుకైతది. 2023 ఆగస్టుల కోకాపేట వేలంల ఎకరం 100 కోట్లు దాటింది. గంత పెట్టి కొన్నోడు గుమాస్తాకు ఫ్లాటు అమ్ముతడా?

1908 మూసీ వరద తర్వాత, 1912ల ఇదే పట్నంల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. మురికివాడలు తీసి కొత్త ఇండ్లు కట్టిండ్రు. పక్కనే మల్లేపల్లిల సీఐబీ క్వార్టర్లంటే ఆటో అన్న నేరుగ తీస్కపోతడు. నిజాంను పొగుడుటానికి కాదు ఈ మాట, గా పని సర్కారుతోటి అయితదని చెప్పుటానికి.

రేపు అబిడ్స్, నాంపల్లి నడుమ సర్కారు జాగల ఇండ్ల టవర్ అంటే మన అడుగుడు ఒక్కటే: వేలం వద్దు. సగం ఇండ్లు నెల జీతగాళ్లకు, వాళ్లు కట్టగలిగే కిరాయికియ్యాలె. నక్షా మీద సంతకం పడకముందే అడుగుదాం.