మనోనేత్రానికి సాక్ష్యం

రేడియోలో 'గోదావరి' అన్న మాట వినబడగానే కొందరికి నిండుగా పారే నీరు, ఆవలి గట్టు, తెరచాప పడవ కన్నులముందు నిలుస్తవి. మరికొందరికి నదిని గూర్చి తెలిసినదంతా గుర్తుకు వస్తుంది గాని, చిత్రం మాత్రం కనబడదు. ఒకరి మనస్సులోకి మరొకరు తొంగి చూడలేరు గదా! మరి ఎవరి మాటకు ఏది సాక్ష్యం?

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ విషయమై పలువురిని ప్రశ్నించి, ఫలితాలను 1880లో ప్రకటించాడు. ఆ ఉదయం తాము కూర్చున్న ఫలాహారపు బల్లను తలచుకొని, అది ఎంత స్పష్టంగా గోచరిస్తున్నదో చెప్పమన్నాడు. మొదట అడిగిన శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు అటువంటి చిత్రమే తామెరుగమన్నారు. నిజమో కాదో తేల్చడానికి గాల్టన్‌కు వారి మాట తప్ప వేరే ఆధారం లేదు.

తరువాత మెదడు సంకేతాలు అందినవి. జర్మనీలోని జేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. కన్నులు మూసి విశ్రమించినప్పుడు సెకనుకు సుమారు 10 సార్లు లేచే తరంగం, కన్నులు తెరవగానే అణగిపోతుంది. ఈ తరంగాలు మార్పు జరిగిన క్షణాన్ని చక్కగా చూపగలవు. కాని మనస్సులోని బొమ్మ ఏదో వాటంతట అవి చెప్పలేవు.

కన్ను మరొక ఆధారం ఇచ్చింది. 1997లో బ్రాంట్, స్టార్క్ అనేవారు కొందరికి గళ్ళ పటం చూపి, పిదప దానిని తీసివేసి, మనస్సులో ఊహించుకోమన్నారు. ఖాళీ స్థలంపై వారి చూపు ఇంచుమించు మునుపటి దారినే నడిచింది. ఐతే అది చిత్రానికి గుర్తా, స్థలజ్ఞాపకానికి గుర్తా అన్న సందేహం మిగిలింది.

కంటిపాపను మనం ఇచ్ఛానుసారం ఆజ్ఞాపించలేము. 2014లో నార్వే పరిశోధకులు, వెలుగును ఊహించినవారి కంటిపాప కుంచించుకొనడం గమనించారు. 2022లో ఆస్ట్రేలియాలో జోయెల్ పియర్సన్ బృందం, చిత్రం కనబడదనే వారిని పరీక్షించింది. నిజమైన వెలుగుకు వారి కంటిపాప అందరి వలెనే స్పందించింది. ఊహించిన వెలుగుకు స్పందించలేదు. అయినా 1 వస్తువుకు బదులు 4 వస్తువులను ఊహించమన్నప్పుడు అది విప్పారింది. అనగా వారు శ్రమించకపోలేదు. శ్రమించినా చిత్రం రాలేదు.

2015లో ఆడం జెమన్ ఈ స్థితికి 'అఫాంటేసియా' అని పేరు పెట్టాడు. ఇది వ్యాధి కాదు, మందబుద్ధి అంతకన్నా కాదు. 'మనస్సులో చూడు' అని గురువు చెప్పినప్పుడు, 'కనబడడం లేదండీ' అన్న పిల్లవానిని ఇకమీదట సోమరి అనడం న్యాయం కాదు. మాటలతో బొమ్మ కట్టడమే వృత్తిగా గల మా వంటివారు సయితం, బొమ్మ కనబడని శ్రోతకు మాటలోనే అర్థం నిండుగా అందేటట్లు చెప్పవలసి ఉన్నది.