క్రొత్త కూర్పు కొనుటకు ముందు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యాలయపు కంప్యూటరులోని ఆఫీసు సాఫ్ట్‌వేరునకు క్రొత్త కూర్పు కొనవలెనా, వలదా యను ప్రశ్న నేడు మన ముందున్నది. వెంటనే కొనవలెనని కొందరు, ఉన్నది పనిచేయుచుండగా వ్యయమేల యని కొందరు అనుచున్నారు. రెండు మాటలలోను న్యాయము కలదు. కోయంబత్తూరు మిల్లులతో పరిచయమున్న మనకు యంత్రము మార్చుట క్రొత్త గాదు. అక్కడ క్రొత్త యంత్రపు మెరుపు చూచి ఎవరును కొనరు. గంటకు ఎంత నూలు దిగును, పాతదానికి విడిభాగములు దొరకునా యని చూతురు. మనమును ఆ తీరుననే లెక్క వేయుదము.

మొదటిది గడువు. ఆఫీసు 2016, 2019 కూర్పులకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించినది. 2021 కూర్పునకు 2026 అక్టోబరు 13, 2024 కూర్పునకు 2029 అక్టోబరు 9 గడువులుగా నిర్ణయించినది. గడువు తీరినంత మాత్రమున ప్రోగ్రాము ఆగిపోదు. ఉత్తరములు వ్రాయవచ్చును, అచ్చు తీయవచ్చును. అయితే ఆ పిమ్మట బయటపడు లోపములకు మరమ్మతు రాదు. ఇంటర్నెట్టుతో సంబంధము లేని యంత్రమున ఈ భయము తక్కువ. సభ్యుల చిరునామాలు, చందా లెక్కలు గల యంత్రముననే ఊరూరి ఈమెయిళ్ళును తెరచుచున్నచో భయము నిజమైనదే.

రెండవది వ్యయము. ఒకసారి కొని వాడుకొను కూర్పు ఒకటి, ఏటేటా చందా కట్టునది వేరొకటి. చందా మానినచో పాత ఫైళ్ళు చూడవచ్చును గాని, వానిలో మార్పులు చేయుటకు వీలుండదు. చిన్న సంఘమునకు ఇది ఆలోచింపదగిన సంగతి. వీనికి తోడు 2010లో ఓపెన్ ఆఫీసు నుండి విడివడి బయలుదేరిన లిబ్రే ఆఫీసు ఉచితముగా లభించుచున్నది. సాధారణమైన ఉత్తరములకు, లెక్కల పట్టికలకు అది చాలును. ఇతరులు పంపు ఫైళ్ళలోని క్లిష్టమైన అమరిక మాత్రము కొన్ని యెడల చెదరుచుండును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మన పాత ఫైళ్ళు ఏ అక్షరములతో ఉన్నవి? 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరకినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో గౌతమి ఫాంటును వచ్చినది. అయినను అచ్చుపనివారు చాలకాలము పేజ్‌మేకరులో అను ఫాంట్లతోనే పని జరుపుచు వచ్చిరి. అట్టి ఫైలులో కంటికి తెలుగు కనబడును గాని, లోపల ఉండునవి ఆంగ్లాక్షరముల సంకేతములే. ఫాంటు లేని యంత్రమున తెరచినచో పొంతనలేని గుర్తులు వచ్చును. ఇంటిపేరు వెదకిన దొరకదు. ఫోనుకు పంపిన చదువరాదు. ఈ దోషమును ఏ క్రొత్త కూర్పును తనంతట తాను దిద్దజాలదు. ఎంత ధనము పోసి కొన్నను మన వంశావళులు, వివాహ పట్టికలు, సభ్యుల జాబితాలు అట్లే మూగవై యుండును.

మధుర నాయకుల కాలమును తలచుకొందము. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తెలుగు వచనమున గ్రంథములు రచించిన రాజు. ఆనాటి వ్రాతలకు ఆధారము తాటియాకు. పురుగు తినును, తేమకు చెడును. అయినను ఆ గ్రంథములు నిలిచినవన్న, ఆకు శిథిలము కాకమునుపే లేఖకులు క్రొత్త ఆకుపైకి ఎత్తి వ్రాయుచు వచ్చుటయే కారణము. వారు కాపాడినది ఆకును గాదు, అక్షరమును. మనకును నేడు అదే పని పడినది.

పాత ఫాంటు వ్రాతను యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు. అయితే ఒత్తులు, గుణింతములు అక్కడక్కడ తారుమారగును. ఎవరో ఒకరు కూర్చుండి ప్రతి పేరును సరిచూడవలెను. ఇక్కడనే కాలము మనకు ఎదురుగా నున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పాఠశాలలలో తమిళమును ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు క్రమముగా తప్పనిసరి చేసినది. మన యిండ్లలో తెలుగు మాటలాడు పిల్లలున్నారు. తెలుగు చదువగల పిల్లలు తగ్గినారు. పేర్లు సరిచూడగలవారు ఎక్కువగా పెద్దలే. సాఫ్ట్‌వేరు వచ్చు సంవత్సరమైనను కొనవచ్చును. ఈ పెద్దల సాయము ఎప్పుడును దొరకునని తలచరాదు.

యూనికోడులోనికి వచ్చిన జాబితాను తమిళ లిపిలోనికి యంత్రమే మార్చగలదు. తమిళమున క, గ లకు ఒకే అక్షరము గనుక ఉచ్చారణ కొంత మసకబారును. అయినను తాతముత్తాతల పేర్లు పిల్లల కంటికి అందును.

కావున మా సలహా యిది. మొదట ఫైళ్ళన్నిటికి రెండు నకళ్ళు తీసి వేర్వేరు చోట్ల నుంచవలెను. పిదప పెద్దలు, యువకులు జతలుగా కూర్చుండి ముందుగా వివాహ పట్టికలను, ఆ తరువాత తక్కినవానిని యూనికోడులోనికి తేవలెను. అంతవరకు పాత యంత్రమును ఇంటర్నెట్టునుండి వేరుచేసి, ఫాంట్లతో సహా అట్లే ఉంచవలెను. ఈమెయిలు పనికి వేరొక యంత్రమున లిబ్రే ఆఫీసును మూడు నెలలు వాడి చూడవలెను. మన పట్టికలు, రసీదులు, ఈ వారపత్రిక దానితో సక్రమముగా సాగినచో కొనుగోలు అక్కరలేదు. సాగనిచో, గడువు ఎక్కువగా నున్న కూర్పును ఒకసారి చెల్లించి కొనవలెను. మిగిలిన సొమ్ము పేర్లు సరిచూచు పనికి వెచ్చింపవలెను.

ఇంటింట పాత జాబితాలు, శుభలేఖలు ఉన్నవారు వానిని కార్యాలయమునకు తెచ్చి చూపవలెనని, తెలుగు చదువగల పెద్దలు వారమునకు ఒక పూట మాకు దయచేయవలెనని ప్రార్థించుచున్నాము.