కంపెనీ లెక్కలో మన గడి ఎక్కడ?



రాజకీయాలు మాట్లాడుకునే చోట కంపెనీల ప్లానింగ్ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి, ఇది చివరికి మన ఇళ్ళ దాకా వచ్చే సంగతే.

"సినారియో ప్లానింగ్" అన్న మాట మన ఆఫీసుల్లో తరచూ వింటాం. చాలామంది దాన్ని జోస్యం అనుకుంటారు. జోస్యం ఒకే భవిష్యత్తు చెబుతుంది. సినారియోలో రెండు మూడు భవిష్యత్తులు రాసుకుని, ఇవాళ తీసుకునే నిర్ణయం ఒక్కొక్కదానిలో నిలబడుతుందా, కూలుతుందా అని చూస్తారు. వ్యాపారంలో దీనికి పేరు తెచ్చింది షెల్ ఆయిల్ కంపెనీలో పనిచేసిన పియర్ వాక్ అనే ఫ్రెంచి ఆయన.

ఆయన చెప్పిన ఉదాహరణ మన దేశానిదే. గంగానది ఎగువన కుండపోత కురిస్తే, కొద్ది రోజుల్లో దిగువన వరద వస్తుందని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. మనకు గోదావరి ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకె వినగానే దిగువన లంక గ్రామాలవాళ్ళు సామాను సర్దుకుంటారు. ఇప్పటికే కురిసిన వాన ఏది, కురుస్తుందో లేదో తెలియనిది ఏది అని విడదీయడమే ఈ విద్యలో సగం.

1970ల మొదట్లో చమురు విషయంలో వాన అప్పటికే కురిసింది. అమెరికా ఉత్పత్తి 1970లో శిఖరానికి చేరి తగ్గసాగింది, దిగుమతులు పెరిగాయి. జనాభా తక్కువున్న గల్ఫ్ దేశాలకు ఇంకా ఎక్కువ తోడి అమ్మాల్సిన తొందర లేదు. వాక్ బృందం రాసిన తొలి సినారియోలను మేనేజర్లు చదివి పక్కన పెట్టారు. వాటిని మేనేజర్ల నిర్ణయాలకే ముడిపెట్టి మళ్ళీ రాశాక వినడం మొదలుపెట్టారు. 1973 అక్టోబరు యుద్ధం తరువాత 3 డాలర్ల బ్యారెల్ కొద్ది నెలల్లో 12 డాలర్ల దాపుకు పోయినప్పుడు, షెల్‌కు అది ఊహించని పిడుగు కాలేదు.

అలాగని ఇది వజ్రకవచం కాదు. 2011 భూకంపం తరువాత టొయోటా పాఠం నేర్చుకుని, సరఫరాదారుల దగ్గర కొన్ని నెలలకు సరిపడా చిప్స్ నిల్వ పెట్టించింది. 2021 మొదట్లో మిగతా కంపెనీల లైన్లు ఆగుతుంటే తను నిలబడింది. అయినా అదే ఏడాది సెప్టెంబరులో ఉత్పత్తి ప్రణాళికను 40 శాతం తగ్గించుకోక తప్పలేదు.

ఇక నా సంగతి. 2008 వేసవిలో నేను ఒక కంపెనీ ప్లానింగ్ బృందంలో ఉన్నాను. మూడు సినారియోలు రాశాం. మూడోదానిలో అప్పులు పుట్టడం ఆగిపోతుంది, ప్రాజెక్టులు మూతపడతాయి. "మరీ అపశకునంగా ఉంది" అని పైవాళ్ళు దాన్ని తీసేశారు. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది. మా ప్రాజెక్టులు పోయాయి, హెచ్-1బి మీదున్న మిత్రులు కొందరు పెట్టేబేడా సర్దుకున్నారు. అప్పట్లో ఉద్యోగం పోతే 60 రోజుల గడువు కూడా లేదు. ఆ నిబంధన 2017లో వచ్చింది.

తీసేసినవాళ్ళను చాలాకాలం తిట్టుకున్నాను. తరువాత ఆ పాత కాగితం ఒకసారి తీసి చూశాను. రాబడికి గడి ఉంది, ఖాతాదారులకు గడి ఉంది, షేరు ధరకూ ఉంది. వీసా మీద పనిచేసేవాళ్ళు ఏమవుతారన్న గడి మాత్రం లేదు. ఆ పట్టిక గీసింది నేనే. నేనూ వీసా మీదే ఉన్నాను.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తెలియక సెలవు మీద ఊరెళ్ళినవాళ్ళు విమానాలకోసం పరుగులు పెట్టారు. వివరణ మర్నాడు వచ్చింది. వీసా నిబంధనలు బిగుస్తాయన్నది చాలాకాలంగా ఎగువన కురుస్తున్న వానే కదా!

అందుకే రెండు మాటలు అడుగుతున్నాను. మీ ఆఫీసులో ఇలాంటి పట్టిక తయారయ్యేటప్పుడు, కాంట్రాక్టు మీద, వీసా మీద ఉన్నవాళ్ళ గడి ఎక్కడుందని అడగండి. ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని, జీతం ఆగితే ఏం చేస్తాం, తిరిగి వెళ్ళాల్సివస్తే పిల్లల చదువు ఎలా అని ఒక కాగితం మీద రాసుకోండి. అది అపశకునం కాదు. నీళ్ళు 43 అడుగుల దగ్గర ఉన్నప్పుడే సామాను సర్దుకోవడం.