గుర్తు వేరు, గురి వేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సివిల్ ఇంజనీరుకు క్యాన్సర్ గురించి మాట్లాడే పనేమని మీకు అనిపించవచ్చు. మా బ్యాచ్‌లో ఒకడికి పోయిన సంవత్సరం దవడలో క్యాన్సర్ వచ్చింది. ఇరవై ఏళ్లు గుట్కా నమిలినవాడు. ఆపరేషన్లో కింది దవడ సగం తీసేశారు. చూడటానికి పోతే, నోట్‌బుక్కులో రాసి చూపించాడు: "ఏమప్పా, ఆ జీన్ టెస్టేదో ముందే చేయించింటే తెలిసేదా?" ఎవరో ఏజెంటు వచ్చి, వాళ్ల తమ్ముడికైనా ఆ టెస్టు చేయించండి, వేలల్లో ఖర్చవుతుంది గానీ భయం తీరుతుందని చెప్పి పోయినాడంట. వాడికి సరైన జవాబు చెప్పాలని ఐదారు నెలలు చదివాను. తెలిసిన డాక్టర్లను విసిగించాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డ్రాయింగుల కట్ట ఉంటుంది. కంటిలోనూ అదే, నాలుక మీదా అదే. ఏ షీటుకు ఎన్ని జిరాక్సు కాపీలు తీసి సైటుకు పంపారన్న దాంట్లోనే తేడా అంతా. షీటు జీన్ అయితే, కాపీ ఆర్‌ఎన్‌ఏ. ఆ కాపీ చూసి కట్టేది ప్రోటీన్. ఈ కాపీలు తీసి పని జరిపించడమే జీన్ ఎక్స్‌ప్రెషన్. జన్యు వ్యక్తీకరణ అంటారు గానీ ఆ మాటకు నాకు నోరు తిరగదు. క్యాన్సర్ కణంలో "పెరుగు" అనే షీటుకు అడ్డూ అదుపూ లేకుండా కాపీలు పోతుంటాయి. "ఇక ఆపు" అనే షీటు చిరిగిపోయి ఉంటుంది, లేదా బీరువాలోంచి బయటికే రాదు.

మిగతాది మన ఊరివాళ్లకు చెప్పడం సులువు. తొలకరి పడగానే చేలల్లో తలలు వంచుకొని వజ్రాలు వెతుకుతాం. జియలాజికల్ సర్వే వాళ్ల పద్ధతి వేరు. కింబర్లైట్‌తో పాటు పైకొచ్చే పైరోప్ గార్నెట్ ఎర్రరాళ్లు, ఇల్మెనైట్ నల్లగింజలు మట్టిలో ఎక్కడున్నాయో చూసి, వాటి వెంట పైపు దగ్గరికి పోతారు. గార్నెట్ గుర్తు మాత్రమే. తవ్వి తీయవలసింది వజ్రం. ఈ జీన్ల కథలో జనం తికమక పడేది అక్కడే.

ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ కణం పైన ఉండి "పెరుగు" అనే కబురు అందుకుంటుంది. నోటి క్యాన్సర్లలో చాలావాటిలో ఇది మోతాదు మించి ఉంటుంది. దాన్ని మూసేసే సెటుక్సిమాబ్‌ను రేడియేషన్‌తో కలిపి తల, మెడ క్యాన్సర్లకు వాడేందుకు 2006లో అమెరికా అనుమతించింది. అంటే ఇది గురి. విచిత్రమేమంటే, ఈజీఎఫ్ఆర్ ఎక్కువ ఉన్నవాళ్లకే ఆ మందు బాగా పనిచేస్తుందా అంటే అట్లా తేలలేదు. గురిగా పనికొచ్చింది, గుర్తుగా పనికిరాలేదు. పీ16ది తలకిందుల కథ. గొంతు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్లో అది కనిపిస్తే రోగి కోలుకునే అవకాశం ఎక్కువ. కానీ దాన్ని కొట్టే మందు లేదు. మా వాడికి వచ్చినట్టు దవడ దగ్గర వచ్చేవాటిలో ఆ గుర్తుకూ అంత విలువ లేదు.

గుర్తూ గురీ కొంతవరకు కలిసింది పీడీ-ఎల్1 దగ్గర. క్యాన్సర్ కణం తన పైన ఈ ప్రోటీన్ పెట్టుకొని, మన రక్షణ కణాలకు "నేను మీవాడినే" అని చెప్పి తప్పించుకుంటుంది. ఆ మోసాన్ని విడగొట్టే నివోలుమాబ్ పూర్తి మోతాదు ఖరీదు మన బోటి కుటుంబాలకు అందేది కాదు. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులు 151 మంది మీద పరీక్ష చేసి 2022లో ఫలితం చెప్పారు. చవకైన మూడు మాత్రలకు తోడు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. మామూలు మోతాదు రెండు వారాలకు 240. మాత్రలే తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నది నూటికి 16 మంది. ఈ కొంచెం మందు కలిపినవాళ్లలో 43 మంది. ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన లెక్క ఇది.

ఇక మావాడి ప్రశ్న. ఈ పరీక్షలు క్యాన్సర్ ఉందని ముక్క తీసి తేల్చాక, ఏ మందు ఇవ్వాలో చూసేందుకు. బాగున్నవాడికి నోటి క్యాన్సర్ వస్తుందా రాదా అని చెప్పే జీన్ ఎక్స్‌ప్రెషన్ పరీక్షకు వైద్య మార్గదర్శకాల్లో ఇంకా చోటు లేదు. తమ్ముడి డబ్బు జేబులోనే ఉంచుకోమన్నాను.

ముందే తెలిసే దారి వేరే ఉంది, చవకైనది. కేరళలో తిరువనంతపురం దగ్గర ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి జనం నోళ్లు కంటితో పరీక్షించారు. 2005లో ఫలితం వచ్చింది: పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మన కోస్తాలో అడ్డపొగ తాగేవాళ్లకు అంగుట్లో క్యాన్సర్ వస్తుందని 1957లోనే మన డాక్టర్లు రాశారు. మన వైపు పొగ కన్నా నమలడమే ఎక్కువ. పొగాకు లేకపోతే వక్కతో ఏం కాదనుకునేవాళ్లు ఈ సభలోనూ ఉంటారు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004 నివేదికలో స్పష్టంగా రాసింది. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, కారం తగిలితే మంట, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన నోరు: వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి.

మన జూనియర్ ఒకరి కూతురు డెంటిస్టు. భోజనాలయ్యాక పాత పదో తరగతి గదిలో టార్చి పట్టుకొని కూర్చుంటుంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ఫీజు లేదు. జేబుల్లో పొట్లాలున్నవాళ్లు ముందు రండి. హెడ్‌మాస్టరు గారు కూడా వస్తానన్నారు.